ఎక్కడో యుద్ధం జరిగితే ఇక్కడ తీవ్రవాదం ఎందుకు పెరుగుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: వేల మైళ్ల దూరంలో ఒక యుద్ధమో, ఊచకోతో జరుగుతుంది. దానితో నేరుగా ఏ సంబంధమూ లేని దేశంలో పుట్టి పెరిగిన కుర్రాడు దాని పేరు చెప్పి తీవ్రవాదం వైపు ఎందుకు వెళతాడు? అంతా ఇంటర్నెట్ వల్లేనా? విదేశాంగ విధానం మార్చుకుంటే ఆగిపోతుందా? ఇంట్లోవాళ్లు, టీచర్లు ఏం గమనించాలి?

తీవ్రవాద కేసుల కోర్టు రికార్డులు, విచారణ కమిషన్ల నివేదికలు చదివి విశ్లేషించడం చాలా ఏళ్లుగా నా పని. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. దూరదేశపు సంఘటన ఒక్కటే ఎవరినీ తీవ్రవాదిగా మార్చిన దాఖలా నాకు కనిపించలేదు. అయితే స్థానికంగా అప్పటికే నలుగుతున్న ఒక గాయానికి అది పెద్ద అర్థం ఇస్తుంది, ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో చూపిస్తుంది. ఆ గాయాన్నీ ఆ సంఘటననీ ముడిపెట్టే మనుషులు దగ్గర్లో ఉండాలి. ఆ తర్వాత సొంత దేశపు పోలీసులు, కోర్టులు, నాయకులు ఎలా ప్రవర్తించారన్నదాని మీదే మిగతా కథ నడుస్తుంది. ఈ చివరి అంశాన్నే అందరూ తక్కువగా మాట్లాడతారు. నా దృష్టిలో అసలు విషయం అదే.

ఒక లెక్కతో మొదలుపెడదాం. 2003 ఫిబ్రవరి 15న, ఇరాక్ యుద్ధానికి నెల రోజుల ముందు, ప్రపంచంలోని వందలాది నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. ఒక్క లండన్‌లోనే పోలీసుల అంచనా ప్రకారం 7.5 లక్షల మంది. నిర్వాహకులైతే అంతకంటే చాలా ఎక్కువ చెప్పారు. వీళ్లందరికీ కోపం ఉంది, అందరూ అవే వార్తలు చూశారు. రెండేళ్ల తర్వాత, 2005 జులై 7న, అదే లండన్‌లో మూడు మెట్రో రైళ్లలో, ఒక బస్సులో బాంబులు పేల్చి 52 మందిని చంపినవాళ్లు నలుగురు. వాళ్ల నాయకుడు ముందే రికార్డు చేసి పెట్టిన వీడియోలో, మీరు ఎన్నుకున్న ప్రభుత్వాలు ప్రపంచమంతటా మావాళ్లమీద దారుణాలు చేస్తున్నాయి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ వీడియో చూస్తే యుద్ధమే కారణం అనిపిస్తుంది. ఆ లక్షల మందిని గుర్తుచేసుకుంటే యుద్ధం ఒక్కటీ సరిపోదనిపిస్తుంది.

బ్రిటన్ అంతర్గత నిఘా సంస్థ ఎంఐ5కి అప్పట్లో అధిపతిగా ఉన్న ఎలైజా మానింగ్‌హామ్ బుల్లర్ 2010లో ఇరాక్ యుద్ధంపై విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పారు. ఇరాక్‌లో మన జోక్యం ఒక తరం యువతను మొత్తం తీవ్రవాదం వైపు నెట్టింది అని మొదలుపెట్టి, వెంటనే సవరించుకున్నారు: మొత్తం తరం కాదు, ఆ తరంలో కొద్దిమందిని. ఆమె ఆ యుద్ధ ప్రభావాన్ని తోసిపుచ్చలేదు. అలాగని మొత్తం తరానికి అంటగట్టనూ లేదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లందరూ చేసుకోవాల్సిన సవరణే అది. మరి ఆ కొద్దిమంది ఎవరు, వాళ్లే ఎందుకు?

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 1967 జూన్ 2న పశ్చిమ బెర్లిన్‌లో జరిగింది. ఇరాన్ రాజు (షా) పర్యటనకు వచ్చాడు. అతని నియంతృత్వానికి వ్యతిరేకంగా జర్మన్ విద్యార్థులు నిరసనకు దిగారు. పగలు సిటీహాల్ ముందు, షా మద్దతుదారుల పేరుతో వచ్చిన మనుషులు ప్లకార్డుల కర్రలతో విద్యార్థులను చితకబాదుతుంటే పోలీసులు చూస్తూ నిలబడ్డారు. సాయంత్రం షా ఒపెరా చూడటానికి వెళ్లాడు. బయట పోలీసులు లాఠీచార్జి చేశారు, జనం పక్క వీధుల్లోకి పరుగెత్తారు. ఒక అపార్ట్‌మెంట్ ప్రాంగణంలో, మఫ్టీలో ఉన్న పోలీసు ఒకడు బెన్నో ఓనెసోర్గ్ అనే 26 ఏళ్ల విద్యార్థిని వెనకనుంచి తలలో కాల్చాడు. ఓనెసోర్గ్ భార్య అప్పుడు గర్భవతి. కాల్చిన పోలీసును కోర్టు నిర్దోషిగా వదిలేసింది.

నిరసన మొదలైంది ఇరాన్ గురించి. ఆ కాలపు విద్యార్థుల కోపమంతా వియత్నాం యుద్ధం గురించి. రెండూ జర్మనీకి చాలా దూరం. కానీ కొందరిని ఆయుధాల దాకా నడిపించింది ఆ ప్రాంగణంలో పేలిన తూటా, ఆ తర్వాత వచ్చిన తీర్పు. ఈ ప్రభుత్వం నాజీల కొనసాగింపే, దీనితో మాటలు అనవసరం అన్న వాదన అంతకుముందూ ఉంది, వినేవాళ్లు తక్కువ. ఆ రాత్రి తర్వాత పెరిగారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ డిపార్ట్‌మెంట్ స్టోర్లకు నిప్పు పెట్టినవాళ్లు వియత్నాం పేరే చెప్పారు. వాళ్లలోంచే 1970లో రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే సాయుధ సంస్థ పుట్టింది. అందులో కొందరు ఆయుధ శిక్షణ కోసం జోర్డాన్‌లోని పాలస్తీనా శిబిరాలకు వెళ్లారు. మరో సాయుధ బృందమైతే తన పేరే జూన్ 2 ఉద్యమం అని పెట్టుకుంది. ఆ పోలీసు తూర్పు జర్మనీ రహస్య పోలీసు విభాగానికి ఇన్ఫార్మర్ అని 2009లో బయటపడింది. కాల్చమని అక్కడినుంచి ఆదేశం వచ్చిందనడానికి ఆధారం దొరకలేదు. ఏదేమైనా అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

అదే ఏడాది మన తెలుగువాళ్లకు తెలిసిన ఉదాహరణ కూడా ఉంది. 1967 మేలో నక్సల్బరీలో రైతుల తిరుగుబాటు మొదలైతే, జులై 5న చైనా పార్టీ పత్రిక దాన్ని వసంత మేఘ గర్జన అని ఆకాశానికెత్తింది. చైనా ఛైర్మనే మన ఛైర్మన్ అన్న నినాదం గోడలకెక్కింది. మాస్కోలో వాన పడితే ఇక్కడ గొడుగు పట్టేవాళ్లని కమ్యూనిస్టులను ఎగతాళి చేసే మాట అప్పటికే ఉంది, దానికి చైనా వెర్షన్ వచ్చిందనుకున్నారు చాలామంది. కానీ చైనా రేడియో దేశమంతా వినిపించింది, పోరాటం రాజుకున్నది కొన్నిచోట్లే. శ్రీకాకుళం ఏజెన్సీలో భూమి, అప్పులు, కూలీ గొడవలు ఏళ్లుగా నలుగుతున్నాయి. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. సిద్ధాంతం బీజింగ్ నుంచి రావచ్చు, కానీ దానికి చోటు చేసింది ఈ రెండు చావులు. ఇవి పట్టించుకోకుండా అదంతా విదేశీ కుట్ర అని సరిపెట్టుకుంటే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

ఇక మనుషుల సంగతి. సంఘటన అందరికీ ఒకటే అయినప్పుడు, ఆసక్తి కూడా జనాభాను బట్టి సమానంగా పరుచుకోవాలి కదా? అలా ఎప్పుడూ జరగదు. 2007లో ఇరాక్‌లోని సింజార్ దగ్గర అమెరికా సైన్యానికి కొన్ని ఫైళ్లు దొరికాయి. ఇరాక్‌లో పోరాడటానికి బయటిదేశాల నుంచి వచ్చిన దాదాపు 600 మంది వివరాలు అందులో ఉన్నాయి: పేరు, ఊరు, వెంట తెచ్చిన డబ్బు, ఎవరి ద్వారా వచ్చాడు. ఊరు రాసినవాళ్లలో లిబియాలోని దెర్నా నుంచి 52 మంది, సౌదీ రాజధాని రియాద్ నుంచి 51 మంది. రియాద్ అప్పటికే 40 లక్షలు దాటిన మహానగరం. దెర్నా జనాభా లక్ష కూడా ఉండదు. రెండుచోట్లా టీవీలో చూసింది అదే ఇరాక్. తేడా ఏమిటంటే, దెర్నాలో 1980ల్లో అఫ్ఘానిస్తాన్ యుద్ధానికి వెళ్లి వచ్చినవాళ్లు ఉన్నారు, 1990ల్లో లిబియా నియంత గడ్డాఫీపై తిరగబడి అణచివేతకు గురైన కుటుంబాలు ఉన్నాయి. కోపం పాతది, దారి తెలిసినవాళ్లు పక్కవీధిలోనే ఉన్నారు.

ఫ్రాన్స్ దక్షిణాన లూనెల్ అని 26 వేల జనాభా ఉన్న చిన్న పట్టణం ఉంది. సిరియా యుద్ధానికి అక్కడినుంచి 20 మంది దాకా వెళ్లారు. పక్కనే అంతే పేదరికం, అంతే నిరుద్యోగం ఉన్న ఊళ్లనుంచి అంతమంది వెళ్లలేదు. వెళ్లినవాళ్లలో చాలామంది ఒకరికొకరు స్నేహితులు, బంధువులు. ముందు ఒకడు వెళతాడు, అక్కడినుంచి ఫోన్ చేస్తాడు, తర్వాత ఇద్దరు వెళతారు. పేదరికం, మతం, సినిమాలు, వీడియో గేములు అంటూ టీవీ చర్చల్లో చెప్పే కారణాలేవీ ఈ ఊరికీ పక్క ఊరికీ ఉన్న తేడాను వివరించలేవు. స్నేహం వివరిస్తుంది.

అందుకే అంతా ఇంటర్నెట్ వల్లేనా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: పూర్తిగా కాదు. బోస్నియా యుద్ధం (1992-95) నాటికి ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నవాళ్లే అరుదు. వీడియో క్యాసెట్లు చేతులు మారాయి, హాళ్లలో పదిమందిని కూర్చోబెట్టి చూపించారు, చూసినవాళ్లలో కొందరు అక్కడి ముస్లింల తరఫున పోరాడటానికి వెళ్లారు. ఇంటర్నెట్ చేసింది రెండు పనులు. క్యాసెట్‌కు నెలలు పట్టే ప్రయాణాన్ని నిమిషాల్లోకి తెచ్చింది. క్యాసెట్ ఇచ్చిన మనిషి ముఖం కనిపించేది, ఇప్పుడు లింకు పంపినవాడు ఎవడో కూడా తెలియదు. ఇంకో మార్పు ఇటీవలిది: ఏ సంస్థతోనూ సంబంధం లేకుండా, ఆన్‌లైన్ గుంపునే తన సంస్థగా భావించుకునేవాళ్లు పెరిగారు. వాళ్ల సంగతి కింద రాస్తాను.

దృశ్యాల బలం గురించి ఒక్కటే చెబుతాను. 2002 జనవరిలో క్యూబాలోని తన స్థావరంలో అమెరికా గ్వాంటనామో జైలు తెరిచినప్పుడు, నారింజ రంగు దుస్తుల్లో మోకాళ్లమీద కూర్చోబెట్టిన ఖైదీల ఫొటోలను అమెరికా ప్రభుత్వమే విడుదల చేసింది. తమ కఠినత్వం చూపించుకోవడానికి పనికొస్తుందనుకున్నారు. 2004లో ఇరాక్‌లో, 2014లో సిరియాలో బందీలను చంపుతూ వీడియో తీసినవాళ్లు ఆ బందీలకు సరిగ్గా ఆ రంగు బట్టలే తొడిగారు. మాటలు అవసరం లేదు, చూసేవాడికి ఆ రంగే అంతా చెబుతుంది. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు 2004 ఏప్రిల్‌లో బయటికొచ్చాక, భర్తీ చేసుకునేవాళ్లకు ఉపన్యాసాలు రాసుకునే శ్రమ కూడా తప్పింది. ప్రజాస్వామ్య దేశాలు బయట చేసే తప్పుల్లో బాంబులకంటే జైళ్ల ఫొటోలే ఎక్కువకాలం బతుకుతాయని నా అభిప్రాయం. దీన్ని కొలవడం కష్టమే, కానీ వాంగ్మూలాలు చదివితే అవమానం అన్న మాటే ముందు వస్తుంది.

అసలు సంఘటనే జరగకపోయినా పని జరిగిపోతుంది, పుకారు చాలు. 1979 నవంబర్ 20న సౌదీలోని మక్కా నగరపు ప్రధాన మసీదును ఆయుధాలతో ఆక్రమించింది జుహైమాన్ అల్ ఒతైబీ అనే సౌదీ నాయకత్వంలోని గుంపు. దీని వెనక అమెరికా, యూదువాదులు ఉన్నారని ఇరాన్ అధినేత ఖొమేనీ ప్రకటించాడు, రేడియోల్లో మోగిపోయింది. మర్నాడే ఇస్లామాబాద్‌లో గుంపు అమెరికా రాయబార కార్యాలయాన్ని తగలబెట్టింది. వందమందికి పైగా ఉద్యోగులు ఉక్కు తలుపుల గదిలో గంటల తరబడి పొగలో ఇరుక్కుపోయారు. ఇద్దరు అమెరికన్లు, ఇద్దరు పాకిస్తానీ ఉద్యోగులు చనిపోయారు. మక్కాలో ఉన్నదెవరో ఆ గుంపులో ఒక్కరికీ తెలియదు.

నలభై ఏళ్లు దాటాక అదే కథ, రేడియో బదులు టెలిగ్రామ్. గాజా యుద్ధం మొదలైన మూడు వారాలకు, 2023 అక్టోబర్ 29న, రష్యాలోని దగెస్తాన్‌లో మఖచ్‌కలా విమానాశ్రయానికి టెల్ అవీవ్ నుంచి విమానం వస్తోందని ఒక ఛానెల్ మోత మోగించింది. ఇజ్రాయెల్ నుంచి శరణార్థులను తెచ్చి ఇక్కడ పెడుతున్నారన్న పుకారు అప్పటికే తిరుగుతోంది, ముందురోజు ఖసవ్‌యుర్త్‌లో జనం ఒక హోటల్ ముందు చేరి లోపల యూదులున్నారేమో వెతికారు. విమానాశ్రయంలో వందలమంది అడ్డుగోడలు తోసుకుని రన్‌వే మీదికి పరుగెత్తారు, బయటికొచ్చే కార్లను ఆపి పాస్‌పోర్టులు అడిగారు. ఇక్కడొకటి గమనించండి. నిరసన తెలపడానికి అనుమతి దాదాపు ఉండని చోటు అది. అంతకు ఏడాది ముందు, ఉక్రెయిన్ యుద్ధానికి జనాన్ని సైన్యంలోకి తీసుకోవడంపై అదే మఖచ్‌కలాలో వీధుల్లోకి వచ్చినవాళ్లను చెదరగొట్టారు. గాజా మీద కోపం నిజమే అయినా, ఆ రాత్రి బయటికొచ్చింది అదొక్కటే అని నేననుకోను.

ఇప్పుడు ఒక హెచ్చరిక. దూరపు సంఘటనకూ ఇక్కడి దాడికీ గీత గీసెయ్యడం చాలా సులభం, చాలాసార్లు తప్పు కూడా. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదులపై దాడిలో 51 మంది చనిపోయారు. సరిగ్గా 37 రోజులకు, ఏప్రిల్ 21 ఈస్టర్ ఆదివారం నాడు, శ్రీలంకలో చర్చిలు, హోటళ్లలో ఆత్మాహుతి దాడులకు 260 మందికి పైగా బలయ్యారు. రెండు రోజుల్లోనే శ్రీలంక రక్షణ శాఖ సహాయ మంత్రి పార్లమెంటులో లేచి, ప్రాథమిక విచారణ ప్రకారం ఇది క్రైస్ట్‌చర్చ్‌కు ప్రతీకారమని చెప్పారు. ప్రపంచమంతా అదే హెడ్డింగ్.

కానీ తేదీలు చూడండి. 2018 డిసెంబర్ చివర్లో మావనెల్లలో బుద్ధ విగ్రహాలను ధ్వంసం చేశారు. ఆ కేసులో తీగ లాగితే 2019 జనవరిలో పుత్తళం జిల్లా వనతవిల్లువలో ఒక కొబ్బరితోటలో భారీగా పేలుడు పదార్థాలు దొరికాయి. అంటే క్రైస్ట్‌చర్చ్‌కు రెండు నెలల ముందే సరుకు సిద్ధం. నాయకుడు జహ్రాన్ హాషిం తన సొంత ఊరు కాత్తాన్‌కుడిలో మొదట తలపడింది క్రైస్తవులతో కాదు, సూఫీ సంప్రదాయపు ముస్లింలతో. 2017లో ఆ గొడవల తర్వాతే అతను అజ్ఞాతంలోకి వెళ్లాడు. 2014లో అలుత్గమలో, 2018 మార్చిలో దిగనలో ముస్లింల ఇళ్లు, దుకాణాలు, మసీదులపై గుంపులు దాడులు చేశాయి, అది అతనికి కావలసినంత ముడిసరుకు ఇచ్చింది. పైన ఇస్లామిక్ స్టేట్ సిద్ధాంతం ఉండనే ఉంది. స్థానిక ముస్లిం సమాజంలోనివారే అతని మీద అధికారులకు ఫిర్యాదులు చేశారు, పట్టించుకోలేదు. ఇంత కథ ఉండగా న్యూజిలాండ్ పేరు చెప్పడంలో ప్రభుత్వానికి ఒక సౌకర్యం ఉంది, ప్రశ్న తమ మీదికి రాదు. క్రైస్ట్‌చర్చ్ ఉద్రేకం పెంచి ఉండొచ్చు. అది మూలం అనడానికి మాత్రం వీల్లేదు.

ఇలాంటిదే ఇంకోటి: 2023 అక్టోబర్ 16న బ్రసెల్స్‌లో, బెల్జియం-స్వీడన్ ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున, ఇద్దరు స్వీడన్ అభిమానులను కాల్చి చంపారు. గాజా యుద్ధం మొదలై పది రోజులు కూడా కాలేదు కాబట్టి అందరూ దాన్నే అనుకున్నారు. చంపినవాడు ఏరికోరి స్వీడన్ వాళ్లనే ఎంచుకున్నాడు, ఆ ఏడాది స్వీడన్‌లో జరిగిన ఖురాన్ దహనాలు దానికి నేపథ్యం.

ఇప్పటిదాకా చెప్పిన ఉదాహరణలు చూసి ఇది ఒక మతానికో, ఒక వర్గానికో సంబంధించిన జబ్బు అనుకుంటే పొరపాటు. క్రైస్ట్‌చర్చ్ దాడి చేసినవాడి పేరు నేను రాయను, ఆ దేశ అప్పటి ప్రధాని జెసిండా ఆర్డెర్న్ కూడా ఉచ్చరించనన్నారు. కానీ వాడి సామాను చూడండి. వాడు ఆస్ట్రేలియన్. తుపాకుల మీద యూరప్‌లో ఒట్టోమన్లతో జరిగిన యుద్ధాల పేర్లు, 1683 వియన్నా ముట్టడితో సహా, తెల్ల అక్షరాలతో రాసుకున్నాడు. దాడికి వెళుతూ కారులో పెట్టుకున్నది బోస్నియా యుద్ధకాలం నాటి సెర్బియా జాతీయవాద పాట. అంతకుముందు ఏడాది ఆస్ట్రియాలోని ఒక తీవ్ర మితవాద బృందం నాయకుడికి 1,500 యూరోలు విరాళం పంపాడు. స్ఫూర్తి 2011లో నార్వేలో 77 మందిని చంపినవాడు. ఆ నార్వే వాడు తనను మలుపు తిప్పిన సంఘటనగా చెప్పుకున్నది 1999లో సెర్బియాపై పాశ్చాత్య దేశాల సైనిక కూటమి నాటో చేసిన బాంబు దాడులను. బాల్కన్లలో ముస్లింల తరఫున పోరాడటానికి బయటి నుంచి కొందరు వెళ్లారని పైన చెప్పాను కదా, అదే బాల్కన్ యుద్ధాలు ఇరవై ఏళ్ల తర్వాత ఎదుటి పక్షానికీ పురాణమయ్యాయి. సెర్బియాతో గానీ బోస్నియాతో గానీ ఈ ఇద్దరికీ ఎలాంటి చుట్టరికమూ లేదు.

వాడు ఆ దాడిని ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. మొదటి 24 గంటల్లో 15 లక్షల కాపీలు తొలగించామని ఫేస్‌బుక్ చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలోని ఎల్ పాసోలో 23 మంది ప్రాణాలు తీసినవాడు, అక్టోబర్‌లో జర్మనీలోని హాలెలో యూదుల ప్రార్థనా మందిరం తలుపు పగలగొట్టలేక బయట ఇద్దరిని కాల్చినవాడు, 2022లో బఫెలో సూపర్‌మార్కెట్‌లో పదిమంది నల్లజాతివారిని చంపినవాడు, అందరూ క్రైస్ట్‌చర్చ్‌నే ఆదర్శంగా పేర్కొన్నారు. సంస్థ లేదు, శిక్షణ శిబిరం లేదు, ఒకరినొకరు కలవలేదు. ఇక్కడ దూరపు దాడే ఒక నమూనా అయిపోయింది. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఈ రకం, ఎందుకంటే దెర్నాలో లాగా వెతకడానికి వీధి లేదు.

రెండువైపులా ఒకేసారి రగిలే సందర్భాలూ ఉంటాయి. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, తర్వాత గాజాలో పదుల వేల మంది. అక్టోబర్ 14న అమెరికాలోని ఇల్లినాయ్‌లో 71 ఏళ్ల ఇంటి యజమాని తన ఇంట్లోనే రెండేళ్లుగా అద్దెకుంటున్న పాలస్తీనా కుటుంబంలోని ఆరేళ్ల బాబును కత్తితో పొడిచి చంపాడు, తల్లిని తీవ్రంగా గాయపరిచాడు. రేడియో తరచూ వినేవాడని, ఆ యుద్ధం మీద విపరీతమైన ఆసక్తి పెంచుకున్నాడని ప్రాసిక్యూటర్లు చెప్పారు. 2025 మేలో వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ రాయబార కార్యాలయ ఉద్యోగులు ఇద్దరిని కాల్చి చంపినవాడు పాలస్తీనా పేరు చెప్పాడు. పొడిచినవాడికి గానీ కాల్చినవాడికి గానీ ఎదుటి మనిషి ఏం చేశాడన్నది అవసరం లేకపోయింది. ఏ గుంపుకు చెందినవాడన్నదే చాలింది. ఒక పక్షం చేసిన దాడి ఎదుటి పక్షపు తీవ్రవాదులకు ప్రచార సామగ్రి అవుతుంది, వాళ్ల దాడి మళ్లీ వీళ్లకు. పైకి బద్ధశత్రువులు, పనిలో మాత్రం ఒకరికొకరు ఆజ్యం పోసుకునేవాళ్లు.

యుద్ధానికి వెళ్లి తిరిగొచ్చేవాళ్ల గురించి క్లుప్తంగా. 1980ల అఫ్ఘాన్ యుద్ధం నుంచి చాలా అరబ్ దేశాలకు మనుషులు తిరిగొచ్చారు, కానీ అల్జీరియాలో అది లక్షకు పైగా ప్రాణాలు తీసిన అంతర్యుద్ధంలో భాగమైంది. కారణం 1992 జనవరిలో సైన్యం ఎన్నికలను మధ్యలో రద్దు చేయడం, ఆ తర్వాత గెలవబోతున్న ఇస్లామిక్ పార్టీని నిషేధించడం. అప్పటిదాకా ఓటుతో పని జరగదన్నవాళ్లను ఎవరూ లెక్కచేయలేదు. రద్దుతో వాళ్ల మాటే నిజమైనట్టయింది.

ప్రభుత్వాలు చేసే ఎదుటి రకం తప్పు, ఇది బయటివాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవడం. 1984 జూన్‌లో అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో సైనిక చర్య, నవంబర్‌లో సిక్కుల ఊచకోత జరిగాక కెనడాలోని కొద్దిమంది ఖలిస్తాన్ తీవ్రవాదులు బాహాటంగానే బెదిరింపులకు దిగారు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలి 329 మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు కెనడా పౌరులే. అయినా కెనడా ప్రధాని మల్రోనీ సంతాపం చెప్పడానికి ఫోన్ చేసింది భారత ప్రధానికి. తమ పౌరులను, తమ గడ్డమీద తయారైన బాంబుతో చంపారన్న సంగతి ఆ దేశం జీర్ణించుకోవడానికి ఏళ్లు పట్టింది. 2010లో వచ్చిన విచారణ కమిషన్ నివేదిక నిఘా సంస్థ, పోలీసుల వైఫల్యాలను ఒకదాని తర్వాత ఒకటి ఏకరువు పెట్టింది.

విదేశాంగ విధానం మార్చుకుంటే ఆగుతుందా అన్నారు. యుద్ధం తప్పయితే అది తప్పు కాబట్టే ఆపాలి, బాంబు పేలుతుందన్న భయంతో కాదు. తీవ్రవాదుల కోరిక ప్రకారం విధానం మార్చుకుంటే రేపు ఇంకో గుంపు ఇంకో కోరికతో వస్తుంది, ఖురాన్ దహనాల్లాంటి వాటికైతే విధానంతో సంబంధమే లేదు. అలాగని మా విధానానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని 2005 తర్వాత కొందరు నాయకులు అన్నట్టు కొట్టిపారేయడం కూడా నిజాయితీ కాదు. ఎంఐ5 అధిపతే ఉందని చెప్పారు. ప్రభుత్వం చేతిలో ఖచ్చితంగా ఉన్నది, తన వీధిలో నిరసన తెలిపేవాడితో ఎలా మసులుకుంటుందన్నది. దూరదేశపు యుద్ధం మీద ఊరేగింపుకు అనుమతి ఇవ్వడానికి ఖర్చేమీ లేదు. నిషేధిస్తే మాత్రం, శాంతియుతంగా పనికాదు అని చెప్పుకు తిరిగేవాడికి ఉచితంగా సాక్ష్యం ఇచ్చినట్టు.

ఇంట్లోవాళ్లు, టీచర్లు ఏం చూడాలన్నదానికి వస్తే, కోపాన్నే లక్షణంగా తీసుకోవద్దు. చిన్నపిల్లల శవాలు చూసి పదహారేళ్లవాడికి ఏడుపు, ఆవేశం రాకపోతేనే ఆలోచించాలి. ఆ వయసువాడు క్లాసులో యుద్ధం గురించి అడిగితే సబ్జెక్టు కాదని నోరు మూయించే టీచర్, తెలియకుండానే వాణ్ని ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్న ఇంకొకరి దగ్గరికి పంపుతున్నారు. నేనైతే చరిత్ర చెబుతాను, రెండువైపుల కథలూ వినిపిస్తాను, వాడి అభిప్రాయం నాకు నచ్చకపోయినా వాదన వాదనగానే ఉంచుతాను.

ఆందోళన పడాల్సింది కోపం దిశ మారినప్పుడు. యుద్ధం చేస్తున్న ప్రభుత్వం మీదనుంచి పక్కబెంచీలో కూర్చునే పిల్లవాడి మీదికి, పక్కింటి కుటుంబం మీదికి అది దిగినప్పుడు. ఊరేగింపులకు, సంతకాల సేకరణకు వెళ్లేవాళ్లను పిరికివాళ్లని హేళన చేయడం మొదలైనప్పుడు. పాత స్నేహితులు ఒక్కొక్కరే తెగిపోయి, కొత్తగా పరిచయమైన ఒకరిద్దరి మాటే వేదమైనప్పుడు. ఇవన్నీ వేరువేరుగా చూస్తే మామూలు టీనేజ్ వ్యవహారంలాగే ఉంటాయి, కలిసి వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడాలి. డెన్మార్క్‌లో ఆర్హుస్ నగరం సిరియాకు కుర్రాళ్లు వెళుతున్న రోజుల్లో పోలీసులు, మునిసిపాలిటీ, తల్లిదండ్రులు, స్థానిక మసీదు కలిసి కూర్చునే పద్ధతి పెట్టింది, తిరిగొచ్చినవాళ్లలో నేరం రుజువు కానివారికి మెంటార్‌ను, చదువు లేదా ఉద్యోగం దారి చూపింది. 2013 తర్వాత అక్కడినుంచి వెళ్లేవాళ్లు బాగా తగ్గారు. అదంతా ఆ పథకం ఘనతే అని నేననను, సిరియాలో పరిస్థితీ మారింది. కానీ ఫోన్ చేస్తే కొడుకును జైల్లో వేస్తారన్న భయం లేనప్పుడే తల్లిదండ్రులు ముందుగా ఫోన్ చేస్తారు.

అలా ఫోన్ చేయడం ఎంత ముఖ్యమో చెప్పే సమాచారం ఒకటుంది. ఒంటరిగా దాడులకు దిగిన లేదా పథకం వేసిన 119 మంది మీద 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, దాదాపు 64 శాతం కేసుల్లో వాళ్ల ఉద్దేశం కుటుంబానికో స్నేహితులకో ముందే తెలుసని తేలింది, ఎక్కువగా వాళ్లే నోటితో చెప్పారు కాబట్టి. వినేవాళ్లు ఏదో ఆవేశంలో అన్నాడులే అనుకున్నారు, లేదా ఎవరికి చెప్పాలో తెలియలేదు. మాటల్లో ఫలానా చోటు, ఫలానా రోజు, ఆయుధం, వీడ్కోలు లాంటివి దొర్లితే అది ఇక చర్చించి తేల్చే విషయం కాదు. అదే రోజు పోలీసులకు చెప్పండి, అక్కడికి ఒంటరిగా వెళ్లడానికి జంకు అయితే స్కూలు పెద్దలనో, ఒక లాయర్‌నో వెంటబెట్టుకుని వెళ్లండి.